బర్రె గొంతులో లేని టెంక

రాని రోగానికి వైద్యం చేసేవాడు తాను చేసిన మేలును ఎక్కడ వెతుక్కోవాలి?

ఈ ప్రశ్న ఆ వారమంతా నన్ను వదలలేదు. జ్వరం తగ్గించినవాడికి చల్లబడిన నుదురు తెలుస్తుంది. విరిగిన ఎముక కట్టినవాడికి నడిచే మనిషి ఎదురవుతాడు. నివారించినవాడికి ఎదురయ్యేది ఏమీ లేదు. జరగవలసినది జరగలేదు, అంతే. అసలు జరగవలసి ఉండిందో లేదో కూడా ఎవరూ చెప్పలేరు. అలాంటి మేలును నమ్మమని ఊరిని అడిగే ముందు, దాన్ని నేను ఎంతమేరకు నమ్ముతున్నానో తేల్చుకోవలసి వచ్చింది.

ఈదులగట్టులో గుర్వయ్య బర్రె చనిపోయి అప్పటికి వారమైంది. ఈనిన కొద్ది రోజులకే అది మేత మానింది. నోటి నుంచి చొంగ తీగలుగా కారింది. గొంతు బొంగురుపోయి అరిచింది, వెనక కాళ్లు ఈడ్చింది, నాలుగో నాడు పడిపోయింది. చివరి రోజున చూసిన పశువైద్యుడు శివకుమార్ నాకు ఫోన్ చేసి, ఎండాకాలం మొదట్లో ఆ వీధిలో పిచ్చెక్కి తిరిగి చచ్చిన కుక్క సంగతి అడిగాడు. అది ఈ బర్రె కాలిని కరిచిందని పిల్లలు చెబుతున్నారట. "ఇది కుక్క రోగమే, రేబిస్ అనిపిస్తున్నది. మెదడు పరీక్ష చేయందే ఖాయంగా చెప్పలేను" అన్నాడు. ఆ మాట నాకు చేరేసరికి బర్రెను చెలకలో సున్నం చల్లి పూడ్చేశారు. సాక్ష్యం మట్టిలో కలిసింది. మిగిలింది అనుమానం. అయితే ఈ ఒక్క రోగం విషయంలో అనుమానమే ఆజ్ఞ.

మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు మరునాడు పొద్దున్నే వీధి వీధంతా నిలబడింది. బర్రె ఈనితే జున్నుపాలు ఇరుగుపొరుగుకు పంచడం ఇక్కడి ఆనవాయితీ. గుర్వయ్య ఇంటి జున్ను తినని ఇల్లు ఆ వాడకట్టులో లేదు.

"తినేటప్పుడు కమ్మగనే ఉండె సారూ" అంది బిక్షమ్మ వరుసలో ముందుకు జరుగుతూ. "ఇప్పుడేమో కడుపుల కుక్క మొరిగినట్టయితాంది."

"నేనైతే గిన్నె సుత నాకిన" అన్నాడు వెనక నుంచి ఐలేశం. "నాకు రెండు సూదులెక్కువెయ్యిండ్రి."

కాచిన పాలలో, ఉడికిన జున్నులో ఆ క్రిమి బతకదని అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. బర్రె చొంగ తగిలినవాళ్లు, ముఖ్యంగా దాని నోట్లో చెయ్యి పెట్టినవాళ్లు మాత్రం ముందుకు రావాలని అడిగాను. వచ్చినవాడు ఒక్క గుర్వయ్యే. గొంతులో మామిడి టెంక ఇరికిందనుకొని, దాన్ని తీయడానికి చెయ్యి పెట్టానని చెప్పాడు. ఆయనకు మొదటి సూది వేశాం. అక్కర లేనివాళ్లు చాలాసేపు గొణుగుతూ ఇళ్లకు పోయారు.

రెండో సూది రోజున ఆయన రాలేదు. మా నర్సు గ్రేస్‌ను వెంటబెట్టుకొని, మంచు పెట్టిన టీకాల డబ్బాతో నేనే జీపులో ఈదులగట్టుకు బయలుదేరాను.

అచ్చంపేట దాటి వచ్చే దారిలో నల్లమల అంచు నీలంగా, నిలకడగా కనబడుతూ ఉంటుంది. గుర్వయ్య ఇల్లు ఊరి చివర, ఆ కొండలకు ఎదురుగా ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. కట్టడానికి బర్రె లేని ఇంట్లో పగ్గం ఎందుకో నేను అడగలేదు. అలవాటైన చేతులకు పని కావాలి.

"మర్చిపోయినవా పెద్దనాయినా?" అంది గ్రేస్ డబ్బా తెరుస్తూ. "నిన్ను చూడక పానం ఆగక వచ్చినం."

"మరిచిపోలే బిడ్డా. మొన్న పొడిసినవు గదా. ఒక్కటి సాలదా?"

"పెండ్లిల ఒక్క ముడేసి లేసిపోయినవా? మూడు ముడులేసినవు గదా. గివి నాలుగు సూదులు."

ఆయన నవ్వుతూ చొక్కా పైకి లాగాడు. గ్రేస్ సూది వేస్తుండగా నేను ఆయన కుడి చెయ్యి నా చేతుల్లోకి తీసుకొని చూశాను. మొదటి రోజున కూడా చూశాను. అప్పుడు గీత కూడా కనబడనందుకు అదృష్టమనుకున్నాను. ఇప్పుడు ఆ అదృష్టం నాకు సరిపోలేదు. పారచెక్కంత వెడల్పు చెయ్యి అది. వేళ్ల కణుపులు ఇనుప గుబ్బల్లా ఉన్నాయి. బర్రెకు ముందు పైపళ్లు లేకపోయినా లోపలి దవడపళ్లు రంపంలా ఉంటాయి. అంత చెయ్యి అంత లోపలికి పోయి, గీరుకోకుండా ఎలా బయటికి వచ్చింది?

"ఎంతవరకు పెట్టారు?" అని అడిగాను.

"గింతవరకు" అని మణికట్టు చూపాడు. మరో క్షణం ఆలోచించి చూపుడు వేలిని కిందికి జరిపి, "గింతనే అనుకుంట" అంటూ వేళ్ల మొదలు చూపాడు.

అప్పుడే లోపలి నుంచి ఆయన కోడలు మనస్విని నీళ్ల చెంబు తెచ్చింది. ఆరో నెల గర్భవతి. నెమ్మదిగా నడిచి వచ్చి, కొంచెం వంగి, చెంబును నాకు ఎడమ చేత్తో అందించింది.

నేను చెంబు అందుకొని ఆగిపోయాను. ఎడమ చేత్తో నీళ్లిచ్చే కోడలిని చూసి అత్త ఊరుకునే ఊరు కాదిది. గడపలో నిలబడ్డ అత్త లీలమ్మ మాట మాట్లాడితే మందలింపుగానే మొదలుపెట్టే మనిషి. ఆమె ఊరుకుంది. తప్పు చూసి కూడా ఊరుకున్నదంటే ఆ తప్పు ఆమెకు ముందే తెలుసు.

మనస్విని ఎడమ చేతికి ముంజేతి సగం దాకా ఆకుపచ్చ గాజులున్నాయి. అయిదో నెలలో తొడిగినవి, కాన్పయ్యేదాకా తీయకూడదంటారు. కుడి చేతిని కొంగు కింద దాచుకుంది. కొంగు అంచున కనబడుతున్న మణికట్టు బోసిగా ఉంది.

మనిషి దాచుకున్నదాన్ని బయటికి లాగే హక్కు వైద్యుడికి ఎంతవరకు ఉంది? రోగి తనంతట తాను విప్పి చూపిన గాయాన్నే ముట్టుకోవాలని నేను అనుకుంటూ వచ్చాను. కాని ఈ రోగం అంత ఓపిక గలది కాదు. లేదా, చాలా ఓపిక గలది. వారాలు, నెలలు నరం వెంబడి మెల్లగా నడుస్తుంది. అది నడుస్తున్నంతకాలం మనిషికి ఏమీ కాదు. మెదడు చేరిన తరువాత ఎవరూ ఏమీ చేయలేరు. మా చేతిలో ఉన్నదంతా ఆ మధ్య కాలమే.

"బిడ్డా, కుడి చెయ్యి చూపిస్తావా?" అన్నాను.

"దాని చెయ్యికేమైంది?" లీలమ్మ గడప దాటి వచ్చింది. "పొయ్యి కాడ సుర్రుమన్నది. నూనె రాసినం. కడుపుతోటున్న పిల్లను మీరెందుకు పరేషాన్ జేస్తరు సారూ? సూది ఆయనకెయ్యాల్నంటిరి, ఏసిండ్రు. ఇగ పోయి రాండ్రి."

"గాజులు ఎందుకు తీశారమ్మా?"

ఆమె ముఖం మాడిపోయింది. గుర్వయ్య పగ్గం కింద పెట్టాడు. సూది వేయించుకుంటూ నవ్విన మనిషి ఇప్పుడు నేల వైపు చూస్తున్నాడు.

"గొంతుల ఏం లేకుండె సార్" అంది మనస్విని.

నెమ్మదిగా, ఎవరి మీదా నేరం మోపకుండా చెప్పింది. డిగ్రీ చదివిన పిల్ల. మాటను తూచి వాడే అలవాటున్నట్టుంది. "మామిడిపండ్లు తిని టెంకలు దొడ్డిల పారేస్తం. గదే ఇరికిందనుకున్నరు అందరు. మామ చెయ్యి దౌడ పండ్లు దాటి పోలే. నా చెయ్యి సన్నగుంటది గద. సబ్బు రాసి గాజులు తీసినం. రెండు రాలే. గట్లనే పెట్టిన. గొంతు లోపటిదాక పోయింది. టెంక లేదు, గడ్డి లేదు, ఏం లేదు. ఉత్త వేడి ఉండె. బర్రె తల ఇదిలించింది. రెండు గాజులు లోపట్నే పలిగినయి."

ఆమె కొంగు తొలగించింది. మణికట్టు మీద అడ్డంగా రెండు చీలికలు, పక్కు కట్టి ఉన్నాయి. చుట్టూ పసుపు.

గాజు పెంకు కోసిన చర్మం. ఆ చర్మం మీద ఆ పశువు చొంగ. పుస్తకంలో దీనికి ఒక వర్గం, ఒక సంఖ్య ఉన్నాయి. నా ముందు ఉన్నది మాత్రం, నీళ్లివ్వడానికి కుడి చెయ్యి చాపలేకపోయిన ఒక అమ్మాయి.

"గాజులు పలిగినయని ఎవలకన్న చెప్తమా సారూ?" లీలమ్మ గొంతు తగ్గింది. "కడుపుతోటున్నప్పుడు తొడిగిన గాజులు. నాలుగు నోళ్లు నాలుగు తీర్ల అంటయి. వాళ్ల తల్లిగారింటికి తెలిస్తే నన్ను నిలబెట్టి అడుగుతరు. అందుకే ఆయన పోయి నా చెయ్యే అని చెప్పిండు. ఒక సూదయితే పడ్డది గద ఇంటికి అని."

ఇంటికి ఒక సూది. మొక్కును ఇంటికి ఒకరు తీరిస్తే చాలు. చావుకు, పెళ్లికి ఇంటికి ఒకరు పోతే ఇల్లంతా పోయినట్టే. మన దగ్గర బాధ్యతలన్నీ ఇంటికి ఒకటిగానే పంచబడ్డాయి. గుర్వయ్య అబద్ధమాడలేదు, కోడలి బదులు తన చెయ్యి చాపాడు. అందులో ప్రేమ ఉంది. కాని ఒంటికి బదులు ఒళ్లు పెట్టడం కుదరని చోటు ఒకటి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేను. వరుసలో నిలబడ్డవాళ్లకు ఎందుకు అక్కర లేదో విడమరిచి చెప్పాను. రానివాళ్లు ఎందుకు రాలేదో ఆలోచించలేదు.

"ఆయన సూది ఆయనకే పని చేస్తుందమ్మా" అన్నాను. "ఆమెది ఆమెకు వేయాలి. ఈ రోజే."

"కడుపుల పిల్లకు?"

అడిగింది లీలమ్మ కాదు, మనస్విని. నన్ను సూటిగా చూస్తూ అడిగింది. "ఫోన్ల చూసిన సార్. ఒకటి మంచిదంటది, ఒకటి వద్దంటది. మీరు చెప్పుండ్రి. నాకు సూది పడితే లోపటున్న దానికేమైతది? పడకుంటే ఏమైతది?"

"ఈ టీకాలో ఉన్నది చచ్చిన క్రిమి. అది రోగం తేలేదు. గర్భవతులకు ఎన్నో ఏళ్లుగా వేస్తున్నారు. దానివల్ల బిడ్డకు కీడు జరిగినట్టు తేలలేదు. గాయం దగ్గర వేసే ఇంకో మందు ఉంటుంది, దానివల్ల కూడా భయం లేదు. ఇది నాకు తెలిసింది. తెలియనిది కూడా చెబుతాను. బర్రెకు ఆ రోగమే వచ్చిందా అంటే తెలియదు. వచ్చినా, ఆ క్రిమి నీ గాయంలోకి పోయిందా అంటే అదీ తెలియదు. ఏమీ చేయకపోయినా నీకు ఏమీ కాకపోవచ్చు. కాని రోగం బయటపడిందంటే దానికి మందు లేదు. నీకూ లేదు, బిడ్డకూ లేదు."

ఎక్కడో ట్రాక్టర్ పోతున్న చప్పుడు.

"తెల్వదు తెల్వదు అని చెప్పే డాక్టర్ను నేనెన్నడు సూడలే" అంది లీలమ్మ. "మేం బస్సెక్కి పోతే ఆ పట్నం డాక్టరు చెయ్యి పట్టంగనే అన్ని చెప్తడు."

"అన్నీ తెలిసినాయనకు గీ సంగతి సుత ఫోన్ చేసి అడుగు పెద్దమ్మా" అంది గ్రేస్. "గొంతుల టెంక ఉండెనా లేదా ఆయననే చెప్పుమను."

లీలమ్మకు నవ్వు రాలేదు. కాని కోపం కూడా రాలేదు. "ప్రవీణ్‌ను అడగాలె" అంది. "డీసీఎం బండి తోలుకొని హైద్రాబాద్ పోయిండు. రేపొస్తడు. వాని పెండ్లాము, వాని పిల్ల. వాన్ని అడగకుంట ఎట్ల?"

"బర్రె నోట్ల చెయ్యి పెట్టేటప్పుడు ఆయనను అడగలే గదా అత్తమ్మా" అంది మనస్విని.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు అంది. అందుకే అది తగలవలసిన చోట తగిలింది. లీలమ్మ గడపకు ఆనుకొని నిలబడిపోయింది.

"నేనే చెప్పిన సారూ" అంది. "నీ చెయ్యి సన్నది బిడ్డా, పెట్టు అని నేనే చెప్పిన. బర్రె పోతదేమో అని నా పానం గుంజుకపోయింది. పాలమ్మి పెంచిన ఇల్లిది. పిల్ల వద్దన్నది. గాజులున్నయి అత్తమ్మా అన్నది. ఏం గాదు, మళ్ల తొడుక్కుందువు అని నేనే సబ్బు రుద్దిన."

ఆమెను ఓదార్చడం నా పని కాదనిపించింది.

మనస్విని ఎడమ చేత్తో కుడి చేతి రైక మడిచింది. "ఏపిచ్చుకుంట" అంది. "ఇప్పుడే ఎయ్యిండ్రి."

"ముందు కడగాలి" అన్నాను. "సబ్బుతో, పారే నీళ్ల కింద. ఆలస్యమైనా కడగాలి."

లీలమ్మ లోపలికి పోయి సబ్బు బిళ్ల, బిందె తెచ్చింది. కోడలిని నల్లా గద్దె మీద కూర్చోబెట్టి, ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. నేను చాలనేదాకా నీళ్లు పోస్తూ కడిగింది. పసుపు మరకలు పోయాయి. నురుగు కింద ఆ రెండు గీతలు ఎర్రగా తేలాయి. గ్రేస్ రెండు భుజాలకూ చర్మంలో చిన్న బుడగ లేచేలా టీకా వేసింది. మనస్విని కళ్లు మూసుకోలేదు. ఆ బుడగ వైపే చూసింది.

"గాయం చుట్టూ వేయవలసిన మందు పెద్ద దవాఖానలోనే ఉంటుంది. ఇప్పుడే అచ్చంపేట పోవాలి. జీపులో డ్రైవర్ ఉన్నాడు, గ్రేస్ వెంట వస్తుంది" అన్నాను.

"నేను సుత వస్త" అంది లీలమ్మ. తాళం చెవి నడుముకు దోపుకుంటూ ఆగి, కోడలి బోసి చెయ్యి చూసింది. చెప్పులు వేసుకుంది.

మనస్విని జీపు ఎక్కుతుండగా నాకు ఒక సంగతి తట్టింది. ముందే తట్టవలసింది. ఇంటికి ఒక సూదితో సరిపెట్టిన ఇంట్లో నేను ఒక్క గాయం దగ్గరే ఆగిపోబోయాను.

"నువ్వు చెయ్యి పెట్టినప్పుడు బర్రె నోరు తెరిచి పట్టుకున్నది ఎవరు?" అని అడిగాను.

ఆమె మామ వైపు చూసింది. గుర్వయ్య తల దించుకోలేదు ఈసారి.

"నా తమ్ముడు సారూ. బుచ్చయ్య. దౌడల నడుమ కట్టె పెట్టి పట్టుకున్నడు. గాజులు పలిగినప్పుడు కట్టె జారింది. బొటనేలు పండ్ల నడుమ నలిగింది. నెత్తురొచ్చింది."

"ఎక్కడున్నాడు?"

"గొర్లు తోలుకొని కొండెక్కిండు. బర్రె సచ్చిన తెల్లారే పోయిండు. పెంట కాడ దిగిండంట" అని నల్లమల వైపు చెయ్యి చూపాడు. పెంట అంటే అడవిలో చెంచుల ఊరు. "ఫోన్ అందది ఆడ. నిన్న తేనె తెచ్చిన పిలగాండ్లు చెప్పిండ్రు, ఏలికి పసరు కట్టుకున్నడంట. రేపు తెల్లారంగ మందను అవుతలి కొండకు మలుపుతడంట. ఆడికి పోయిండంటే వానలు పడ్డంకనే దిగుడు."

రేపు తెల్లవారుజామే గడువు. ఇప్పుడు పొద్దు ఇంకా నడినెత్తి మీదనే ఉంది. జీపు ఒకటే. దాన్ని అచ్చంపేట పంపక తప్పదు. కబురు పంపవచ్చు, కాని కబురు వింటే బుచ్చయ్య ఏమంటాడో నాకు తెలుసు. వేలు మానుతున్నది కదా అంటాడు. మానుతున్న వేలిని చూపించి నమ్మించగల రోగం ఇది.

"ఎంత దూరం?" అన్నాను.

"టీవీఎస్ బండి మీద చెరువు కట్ట దాక పోవచ్చు. అవుతల నడక."

గ్రేస్ నా ముఖం చూసి, నేను అడగకముందే టీకాల డబ్బా మూత తెరిచింది. ఇంకో సూదికి మందు ఉంది. మంచు సగం కరిగింది. లీలమ్మ జీపు దిగి ఇంట్లోకి పరుగెత్తి, ఫ్రిజ్‌లోని ఐసు గిన్నె తెచ్చి, ఒక సంచిలో కట్టి అందులో సర్దింది. జీపు కదిలింది. వెనక కిటికీ అద్దంలోంచి మనస్విని కుడి చెయ్యి ఎత్తడం కనిపించింది.

గుర్వయ్య టీవీఎస్ స్టాండు తీసి ఎక్కి కూర్చున్నాడు. నేను వెనక కూర్చుని డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాను.

"సారూ, ముందుగాల్నే ఒక మాట చెప్తున్న" అన్నాడు ఆయన కిక్ మీద కాలు పెట్టి. "బుచ్చయ్య సూది జూస్తే ఉరుకుతడు."

"ఎంత దూరం ఉరుకుతాడు?"

"అడివంత ఆయనదే సారూ."

"బండి తియ్యండి" అన్నాను.

ఆయన కిక్ కొట్టాడు. బండి కొండల వైపు తిరిగింది.